చలికాలపు మూత: కృష్ణ, మూసీ కలిసే చోట గాలి ఏడాది లెక్క

వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు వెలుగుతుంటాయి. స్వామి పాదాల దగ్గరి దీపం కదలకుండా నిలబడి వెలుగుతుంది. ముఖం ఎత్తులో ఉన్న దీపం మాత్రం ఊగుతూనే ఉంటుంది. అది స్వామి శ్వాస వల్లేనని భక్తుల నమ్మకం. ఆ నమ్మకం జోలికి ఇక్కడ పోవడం లేదు. కానీ డిసెంబర్ తెల్లవారుజామున గుడి బయటికొచ్చి, కృష్ణలో మూసీ కలిసే రేవు వైపు చూస్తే బయటి గాలి కూడా ఆ రెండు దీపాల లాగే ఉంటుంది. టీ బండి పొయ్యి పొగ మనిషి ఎత్తు లేచి, అక్కడి నుంచి దుప్పటి పరిచినట్టు పక్కకు పాకుతుంది. దూరంగా ఎత్తైన పొగగొట్టం నుంచి వచ్చే పొగ మాత్రం తన దారిన తాను సాగిపోతుంటుంది. కింద గాలి ఆగిపోయింది, పైన నడుస్తోంది. ఈ ప్రాంతంలో ఏ నెలలో గాలి ఎలా ఉంటుందో తెలియాలంటే ముందు ఈ తేడా తెలియాలి.

నల్లగొండ జిల్లా దక్షిణపు అంచున, దామరచర్ల మండలంలో ఉంది వాడపల్లి. అవతలి ఒడ్డు పల్నాడు. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మురుగును మోసుకుంటూ వచ్చిన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు ఇక్కడే నది దాటుతుంది, రాత్రీ పగలూ లారీలు ఆగవు. ఎగువన వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. కాస్త పైకి పోతే మిర్యాలగూడ, దాని చుట్టూ రైస్ మిల్లులు. మధ్యలో ఎటు చూసినా సాగర్ ఎడమ కాలువ కింది వరి. ఒక చిన్న పట్టణానికీ దాని పక్క ఊళ్లకూ ఇన్ని రకాల పొగ ఒకేచోట దొరకడం తక్కువ.

వీటిలో చాలావాటికి కాలంతో పని లేదు. సిమెంటు కొలిమి 1,450 డిగ్రీల దగ్గర జూలైలోనూ మండుతుంది, జనవరిలోనూ మండుతుంది. లారీలకు వానాకాలం సెలవులుండవు. మరి జూలైలో ఎవరికీ గుర్తుకు రాని దగ్గు డిసెంబర్‌లో ఇంటింటా ఎందుకు వినిపిస్తుంది? 'చలికి గాలి చెడుతుంది' అని పెద్దలు అనేమాట సగం నిజం. చలి గాలిని చెడగొట్టదు. మనం వదిలినదాన్ని మన దగ్గరే ఉంచేస్తుంది.

పగలు ఎండకు నేల కాగుతుంది. నేలను అంటుకున్న గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. లేచేకొద్దీ కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా ఉన్నంతసేపూ పైకి పోతూనే ఉంటుంది, పోతూ పోతూ పొగనూ దుమ్మునూ వెంట తీసుకుపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఈ కలబోత రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా సాగుతుంది. చలికాలం రాత్రి ఇదంతా తిరగబడుతుంది. మబ్బు లేని ఆకాశం కింద నేల తన వేడిని గబగబా వదిలేసుకుంటుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద వెచ్చటి పొర కూర్చుంటుంది. చల్లటిది కింద, వెచ్చటిది పైన ఉంటే రెండూ కలవవు. పుస్తకాల్లో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. గిన్నె మీద మూత అనుకుంటే చాలు. ఆ మూత ఒక్కోరోజు నేలకు వంద, నూట యాభై మీటర్ల ఎత్తులోనే ఉంటుంది.

లెక్క వేసి చూస్తే దీని బలం తెలుస్తుంది. ఊళ్లో పొయ్యిలు, బండ్లు, మిల్లులు రోజూ ఒకే మోతాదు పొగ వదులుతున్నాయనుకుందాం. వేసవి మధ్యాహ్నం మూత 2,400 మీటర్ల దగ్గర, చలికాలం తెల్లవారుజామున 150 మీటర్ల దగ్గర ఉందనుకుందాం. పొగ కలవడానికి దొరికే చోటు 16వ వంతుకు పడిపోయింది. గాలి వేగం కూడా సెకనుకు 4 మీటర్ల నుంచి 1 మీటరుకు తగ్గితే, ఊరి మీద నిలిచే పొగ 64 రెట్లవుతుంది. ఊళ్లో ఒక్క పొయ్యి కూడా అదనంగా వెలిగించలేదు, ఒక్క లారీ కూడా ఎక్కువ తిరగలేదు. అందుకే 'నిన్నటి కంటే ఈరోజు ఎవరు ఎక్కువ పొగ వదిలారు' అని వెతకడం చాలాసార్లు దండగ.

కార్తీకంలో కడవ కడిగే పొద్దుండదు, మార్గశిరంలో మాట్లాడే పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చే పొద్దుండదు అంటారు. పొద్దు పొట్టిదైతే ఈ మూత లేవడానికి దొరికే టైమూ తక్కువే. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారి ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా నేల సరిగా వేడెక్కదు. సాయంత్రం ఐదున్నర దాటితే మళ్లీ చల్లబడటం మొదలు.

నది లోయ అనగానే రెండు వైపులా కొండలున్న దృశ్యం మనసులోకి వస్తుంది. ఇక్కడ అలాంటిది లేదు. నాగార్జునకొండ దగ్గర గుట్టల మధ్య ఇరుకుగా పారిన కృష్ణ, సాగర్ దాటి కిందికొచ్చేసరికి చదునైన నేలలో పడుతుంది. అక్కడక్కడ గుట్టలు, ఒడ్డున మిట్టపల్లాలు, అంతే. కాబట్టి చలిగాలిని పట్టి ఉంచే పనిలో ఎక్కువ వాటా మబ్బు లేని రాత్రిదే, లోయది కొంతే. ఆ కొంత కూడా తేలిగ్గా తీసేయాల్సింది కాదు. చల్లబడి బరువెక్కిన గాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. మిట్ట మీద ఉన్న తండా కంటే ఏటి ఒడ్డున ఉన్న వాడలో తెల్లవారుజామున చలి ఎక్కువ ఉండేది అందుకే. పొగ కూడా ఆ చలిగాలితోనే జారి కింద చేరుతుంది. పైగా నదిలో నీళ్లు, చుట్టూ తడి పొలాలు. వాటి తేమతో పొగమంచు పడుతుంది. సన్నటి పొగ రేణువులు ఆ తేమను పీల్చి ఉబ్బుతాయి. అప్పుడు కంటికి కనిపించే మసక, నిజంగా ఉన్న పొగ కంటే చాలా ఎక్కువగా ఉంటుంది. మూసీ వాసన కూడా చలికాలం పొద్దున్నే ఎక్కువగా తగలడానికి కారణం కింద నిలిచిపోయిన ఈ చలిగాలే. ఏరు ఆ పూట కొత్తగా ఏమీ చెడిపోలేదు.

ఈ రోజువారీ లెక్కలో చాలామంది గమనించనిది ఒకటుంది. యాదాద్రి లాంటి కేంద్రానికి పొగగొట్టం రెండు వందల మీటర్లకు పైనే ఉంటుంది. రాత్రి మూత నూట యాభై మీటర్ల దగ్గర ఉంటే, ఆ పొగ మూతకు పైన బయటపడుతుంది. అంటే రాత్రంతా ఊరికి దానితో బాధ లేదు. కింద ఉన్నవాళ్లు పీల్చేది కింద పుట్టిన పొగనే. అవి కట్టెల పొయ్యి, చెత్త మంట, డీజిల్ బండి, పొట్టి గొట్టం ఉన్న మిల్లు బాయిలర్. పొద్దెక్కాక నేల వేడెక్కి, కింది గాలి పైకి లేవడం మొదలవుతుంది. మూత కొంచెం కొంచెం పైకి జరిగి ఒక దశలో ఆ పొగ పొరను అందుకుంటుంది. అంతే, అప్పటిదాకా పైన నిశ్శబ్దంగా సాగిన పొగ ఒక్కసారిగా కిందికి దిగి కలిసిపోతుంది. ఇది గంటా రెండు గంటల వ్యవహారం. తర్వాత మూత ఇంకా పైకి పోయి అంతా పలచబడుతుంది.

అందువల్ల తెల్లవారి ఆరింటికి ఒకరి పొగ, తొమ్మిదిన్నరకు ఇంకొకరి పొగ. ఆరింటికి ముక్కు మండితే పెద్ద గొట్టాన్ని తిట్టడం, తొమ్మిదిన్నరకు కళ్లు మండితే పక్కింటి చెత్త మంటను తిట్టడం, రెండూ తప్పే కావచ్చు. పెద్ద గొట్టం పొగ ఏ ఊరి మీద దిగుతుందో ఆ రోజు పై గాలి ఎటు వీస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. చలికాలంలో ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది. వానాకాలంలో పడమటి గాలి. కాబట్టి ఒకే కేంద్రం కాలాన్ని బట్టి వేర్వేరు ఊళ్లకు పొరుగవుతుంది.

ఇక మిర్యాలగూడ సంగతి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. నీళ్లొచ్చాయి గనుక వరి, వరి వచ్చింది గనుక మిల్లులు. ఇప్పుడు కోతల టైంలో సన్నరకం ధాన్యంతో ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరడం ఇక్కడ ఏటా కనిపించేదే. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టాలి. ఆ ఆవిరికి బాయిలర్ కావాలి, బాయిలర్‌కు ఊకే పొయ్యిలో కట్టె. టన్ను ధాన్యం ఆడితే రెండు క్వింటాళ్ల దాకా ఊక వస్తుంది. ఆ ఊక కాలిస్తే దానిలో ఐదో వంతు బూడిదే మిగులుతుంది, అంటే టన్ను ధాన్యానికి 40 కిలోల దాకా. ఆ బూడిదలో పది పాళ్లకు తొమ్మిది పాళ్ల వరకు సిలికా. అది దూదిలా తేలిక. గొట్టంలో సరైన వడపోత లేకపోతే నల్లటి నుసిగా లేచి డాబాల మీద, ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని నీళ్ల డ్రమ్ముల్లో రాలుతుంది.

ఇందులో దురదృష్టం ఏమిటంటే, మిల్లులు ఒళ్లు వంచి పనిచేసే నెలలూ, మూత బాగా కిందికి దిగే నెలలూ ఒకటే. వానాకాలం పంట అక్టోబర్ చివర నుంచి కోతకొస్తుంది. ధాన్యం కొనే ఐకేపీ కేంద్రాల దగ్గర కల్లాల్లో ధాన్యం రాశులు, తూర్పారబట్టే మిషన్లు, వాటి నుంచి లేచే తాలు, ఆవగింజంత కూడా లేని నూగు. ఒకప్పుడు తూర్పారబట్టడానికి రైతు గాలి కోసం కాచుకునేవాడు. గాలి వీస్తేనే చేట ఎత్తేవాడు, లేకపోతే గట్టున కూర్చునేవాడు. అంటే గాలి నడిచే గంటల్లోనే దుమ్ము లేచేది. ఇప్పుడు మిషన్‌కు ఆ పట్టింపు లేదు. గాలి కదలని రాత్రి పూట కూడా అది తిరుగుతుంది, లేపిన దుమ్ము అక్కడే నిలబడుతుంది. పని తొందర అలాంటిది, ధాన్యం తడిస్తే రైతుకు దిక్కు లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు గానీ, ఉబ్బసం ఉన్న హమాలీకి నవంబర్ రాత్రి ఆ కల్లంలో గడపడం ఎంత కష్టమో ఆ లెక్కలో ఎక్కడా రాదు.

ఏ పొగ ఎవరిదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు రాకముందే ఇంట్లో చేయగలిగిన పని ఒకటుంది. రాత్రి డాబా మీద ఒక స్టీలు పళ్లెం పెట్టి, పొద్దున్నే దాని మీద వేలు పెట్టి చూడటం. నల్లగా, పొరలు పొరలుగా, నలిపితే కాటుకలా అంటుకునేది ఊక బూడిద లేదా మసి. పొడవాటి నల్లటి పోగులు కనిపిస్తే ఎక్కడో గడ్డి కాలింది. ఎర్రగా, వేలికి గరుకుగా తగిలేది రోడ్డు దుమ్ము. బూడిద రంగులో గోధుమపిండిలా మెత్తగా ఉండేది సిమెంటు దుమ్మో, థర్మల్ బూడిదో. ఈ రెండింటినీ విడదీయడానికి ఇంకో చిట్కా మంచే చెబుతుంది. సిమెంటు దుమ్ము మీద మంచు పడితే అది గట్టిపడుతుంది. కారు అద్దం మీద నీళ్లు పోసి తుడిచినా పోని తెల్లటి పొక్కులా మిగులుతుంది. నిమ్మకాయ చెక్క రుద్దితే కరుగుతుంది, ఎందుకంటే అందులో ఉన్నది సున్నం. నిమ్మతోటలకు కొదవ లేని జిల్లాలో ఈ పరీక్షకు ఖర్చు కూడా లేదు. అయితే పళ్లెంలో పడేది ముతక దుమ్ము మాత్రమే. ఊపిరితిత్తుల అట్టడుగుకు పోయే సన్నటి రేణువులు పళ్లెంలో కనిపించవు, కంటికీ కనిపించవు.

ఆ సన్నటివాటినే పీఎం 2.5 అంటున్నాం. రెండున్నర మైక్రాన్లు, లేదా అంతకంటే చిన్నవి. తల వెంట్రుక మందం దీనికి ఇరవై రెట్లకు పైనే. ఇవన్నీ గొట్టం నుంచే రేణువులుగా రావు, కొన్ని గాలిలోనే తయారవుతాయి. బొగ్గు కాలితే గంధకపు వాయువు వస్తుంది. యాసంగి నాట్లయ్యాక జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొలాల్లో యూరియా చల్లుతారు. అందులో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. ఈ రెండూ కలిసి సన్నటి లవణపు రేణువులవుతాయి. దీనికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అప్పటికి గాలి ఆ సరుకును ఎక్కడికో చేరుస్తుంది. అంటే ఈ ఊరి బొగ్గు, ఈ పొలాల యూరియా కలిసి ఇంకెవరి ఊపిరిలోనో పడతాయి. అలాగే ఇక్కడి మసకలో ఎక్కడో పుట్టినది కొంత ఉంటుంది. గాలికి జిల్లా సరిహద్దు తెలియదు, కృష్ణకు అవతల పక్క రాష్ట్రమన్న సంగతీ తెలియదు.

శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు. మార్చి వచ్చేసరికి మూత లేస్తుంది, పొగ పలచబడుతుంది. కానీ గాలి బాగుపడిందని చెప్పడానికి లేదు. పొగ పోయి దుమ్ము వస్తుంది. నేల ఎండి, గాలి వేగం పెరిగి, మధ్యాహ్నం సుడిగాలులు లేస్తాయి. గనుల్లో పేలుళ్లు, క్రషర్లు, పట్టా కప్పని టిప్పర్లు, రోడ్డు పక్కన మట్టి అంచులు, అన్నీ ఈ కాలంలో పనిచేస్తాయి. మన బొగ్గులో మూడో వంతు, కొన్నిసార్లు అంతకు మించి బూడిదే ఉంటుంది కాబట్టి థర్మల్ కేంద్రం దగ్గర బూడిద చెరువు తప్పదు. వానాకాలంలో అది బురద. రోహిణి కార్తెలో పై పొర ఎండిందంటే, తడపకపోతే అది లేవడానికి ఒక్క పడమటి గాలి చాలు. పొగగొట్టంలో వడపోత ఎంత గొప్పగా ఉన్నా ఆ పట్టుకున్న బూడిదను తర్వాత ఎక్కడ పెట్టారన్నది వేసవిలోనే బయటపడుతుంది. దుమ్ములో ఎక్కువ భాగం ముతకది, ముక్కులో గొంతులో ఆగుతుంది. చలికాలపు సన్న పొగంత లోతుకు పోదు. కానీ బడి పిల్లలకు, రోడ్డు పక్కన చెరకు రసం బండి పెట్టుకున్నవాళ్లకు ఆ తేడా పెద్ద ఊరటేమీ కాదు.

యాసంగి కోతలు ఏప్రిల్, మే నెలల్లో. హార్వెస్టర్ కోసిన మడిలో మోకాటి ఎత్తు కొయ్యలు నిలబడి ఉంటాయి, మధ్యలో గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది. కొడవలితో కోసిన రోజుల్లో గడ్డి మోపులుగా వాము చేరేది, ఎద్దులకు ఏడాది తిండి. ఇప్పుడు ఎద్దులు లేవు, ఏరడానికి కూలీ గిట్టుబాటు కాదు, మృగశిర కార్తె దగ్గర పడుతుంది. అగ్గిపుల్ల గీస్తే పొద్దుగూకేసరికి ఎకరం శుభ్రం. ఈ లెక్క రైతుకు తెలివితక్కువదేమీ కాదు. కాకపోతే ఆ మంటలో గడ్డిలోని నత్రజని దాదాపు అంతా పోతుంది. ఆ పోయినదాన్నే జూలైలో యూరియా బస్తాగా, క్యూలో నిలబడి మరీ కొనుక్కుంటాడు. గడ్డిని చుట్టలు చుట్టే బేలర్లు ఇప్పుడు ఊళ్లల్లోకి వస్తున్నాయి. పాడి ఉన్న చోట గడ్డికి ధర పలికితే మంట దానంతట అదే తగ్గుతుంది. కేసులు పెడతామని బెదిరించడం కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని ఎవరైనా ఊహించగలరు.

ఒకే మడిని మధ్యాహ్నం రెండింటికి కాలిస్తే ఆ పొగ రెండు కిలోమీటర్ల ఎత్తు దాకా కలిసి పలచబడుతుంది. సాయంత్రం ఏడింటికి కాలిస్తే రాత్రంతా ఊరి మీదే పడుకుంటుంది. కానీ రైతులు సాయంత్రాన్నే ఎంచుకుంటారు, ఎందుకంటే వడగాలిలో అంటిస్తే మంట పక్క మడికి, ట్రాన్స్‌ఫార్మర్‌కు, గడ్డివాముకు పాకుతుందన్న భయం. ఆ భయం న్యాయమైనదే. అంటే మంట అదుపులో ఉండే గంట, పొగ అదుపు తప్పే గంట ఒకటే అయ్యాయి. కాల్చడానికి మంచి టైం అంటూ ఒకటి లేదని దీని అర్థం.

వానాకాలం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. జూన్ రెండో వారం నుంచి నేల తడుస్తుంది, దుమ్ము అణుగుతుంది, పడమటి గాలి నిలకడగా వీస్తుంది. ఏడాదిలో ఊపిరి తేలిగ్గా ఆడే నెలలివే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. వాన చినుకు ముతక దుమ్మును బాగా కడుగుతుంది, సన్నటి రేణువులను అంతగా పట్టుకోలేదు. అవి చినుకు చుట్టూ గాలితో పాటు తప్పుకుపోతాయి. వానలు తెరిపిచ్చి నాలుగు రోజులు ఉక్కపోసినప్పుడు మిల్లు పక్క వీధిలో పొగ మళ్లీ తగలడానికి కారణం అదే.

ఇదంతా కొలిచేది ఎవరు? నల్లగొండ పట్టణం పేరు జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో ఉంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన ఈ కార్యక్రమం, దేశ ప్రమాణాలను అందుకోలేకపోతున్న నగరాల కోసం. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరు, సంగారెడ్డితో పాటు నల్లగొండకు అందులో చోటు దక్కింది. ఆ మూడింటి పక్కన ఈ పేరు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు ఉన్నారు. అసలు ఆశ్చర్యపోవాల్సింది వేరే. గాలి కొలిచే పాత పద్ధతిలో వారానికి రెండు రోజులు, రోజుకు 24 గంటలు గాలిని వడపోత కాగితం గుండా లాగి, ఆ కాగితాన్ని తూకం వేస్తారు. ఏడాదికి 104 రోజుల లెక్క. ఆ తూకంలో పొద్దున ఆరు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు అన్న తేడా ఉండదు, అన్నీ కలిసిపోతాయి. జిల్లా కేంద్రంలో తూచిన కాగితం కృష్ణ ఒడ్డున ఏం జరిగిందో చెప్పలేదు కూడా.

మన ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ఘనపు మీటరుకు 24 గంటల సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదు, ఏడాది సగటున 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దులు 15, 5. మన హద్దునే తీసుకుందాం. ఊహకు ఒక చలికాలపు రోజు అనుకుందాం. తెల్లవారి మూడు గంటలు 180, సాయంత్రం మూడు గంటలు 150, మిగతా 18 గంటలు 35. సగటు 67.5 వస్తుంది. హద్దు కొంచెమే దాటింది కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఏడాదికి పోదాం. చలికాలం నాలుగు నెలలు 65, వేసవి నాలుగు నెలలు 40, వానాకాలం నాలుగు నెలలు 15 ఉందనుకుంటే ఏడాది సగటు సరిగ్గా 40. కాగితం మీద ఊరు పాస్. వానదేవుడు ఇచ్చిన మార్కులు కలిపి డిసెంబర్ తెల్లవారుజామును గట్టెక్కించారన్నమాట. పిల్లికూతలతో ఆసుపత్రికి వచ్చిన పిల్లాడికి ఏడాది సగటుతో పని లేదు.

చేతిలో పట్టుకునే చవక సెన్సర్లు ఈ లోటు తీరుస్తాయని కొందరి ఆశ. గంట గంటకూ అంకె ఇస్తాయి, అది మేలే. కానీ అవి కాంతి చెదరడాన్ని బట్టి లెక్క కడతాయి. పొగమంచులో ఉబ్బిన రేణువులను చూసి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. నది ఒడ్డున జనవరిలో అలాంటి సెన్సర్ 400 చూపిస్తే, దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి టెన్షన్ పడేముందు పక్కన తేమ ఎంత ఉందో చూడాలి. రోజులో ఏ గంటకు పెరిగి ఏ గంటకు తగ్గిందన్నది మాత్రం అవి బాగానే చెబుతాయి. ఇక్కడ కావాల్సింది ముఖ్యంగా అదే.

నిబంధనల సంగతికొస్తే, 2015 డిసెంబర్‌లో కేంద్రం కొత్త థర్మల్ యూనిట్లకు గట్టి హద్దులు పెట్టింది. 2017 తర్వాత వచ్చే యూనిట్ల పొగలో ధూళి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు, గంధకపు వాయువు 100 దాటకూడదంది. యాదాద్రికి 2015 జూన్‌లోనే శంకుస్థాపన జరిగింది. 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాని పర్యావరణ అనుమతిని నిలిపి, మళ్లీ అధ్యయనాలు చేయమంది. 2024 చివరి నుంచి ఒక్కో యూనిట్ ఉత్పత్తిలోకి రావడం మొదలైంది. ఈలోగా 2025 జూలైలో కేంద్రం గంధకం నిబంధనను సడలించింది. పెద్ద నగరాలకు, కాలుష్యం తీవ్రమైన ప్రాంతాలకు దూరంగా ఉన్న కేంద్రాలకు గంధకం తీసే యంత్రాలు అక్కర్లేదని, పొగగొట్టం నిర్ణీత ఎత్తు ఉంటే చాలని తేల్చింది. ఎత్తైన గొట్టం అంటే మూతకు పైన వదలడం. రాత్రంతా అది పనిచేస్తుంది. పొద్దున తొమ్మిదిన్నరకు మూత లేచి ఆ పొగను అందుకున్నప్పుడు ఏం చేయాలన్నది ఆ షరతు చెప్పదు. నగరానికి దూరంగా ఉన్న కేంద్రం ఎవరికో ఒకరికి దగ్గరగానే ఉంటుంది కదా.

అన్నీ ఆపేయమనడం తేలిక, జరగదు. గంటలను సర్దడం మాత్రం జరిగే పనే. మిల్లు బాయిలర్ గొట్టానికి సంచి వడపోత పెట్టించడం ఒకటి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాయిలర్ రాజేసే పనిని, బూడిద తోడే పనిని మధ్యాహ్నానికి మార్చడం ఇంకొకటి, దీనికి రూపాయి ఖర్చు లేదు. కల్లంలో తూర్పార మిషన్‌ను పదకొండు నుంచి నాలుగు మధ్యలో తిప్పడం కొన్ని రోజులైనా కుదురుతుంది. ఊడ్చిన చెత్తను మున్సిపల్ కార్మికులు తెల్లవారి ఐదున్నరకే అక్కడికక్కడ అంటించే అలవాటు చాలా పట్టణాల్లో ఉంది. మూత అతి కిందికి ఉండే గంట అదే, కాబట్టి ముందు ఆపాల్సింది ఆ మంటే.

కాలువ కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. మఫ్లర్ కట్టుకుని ఐదున్నరకు బయల్దేరి, స్వచ్ఛమైన గాలి అనుకుని గుండెల నిండా పీల్చేది రోజు మొత్తంలో అతి చిక్కటి గాలిని. షుగర్ ఉందని డాక్టర్ నడవమంటే నడక మానక్కర్లేదు. చలికాలం నాలుగు నెలలు సాయంత్రం నాలుగింటికి వెళ్తే సరిపోతుంది. అప్పటికి మూత బాగా పైన ఉంటుంది, పొయ్యిలు ఇంకా రాజుకోవు. మార్చి వచ్చాక మళ్లీ పొద్దున్నే వెళ్లొచ్చు. అప్పటికి నాలుగింటికి నడిస్తే ఎండదెబ్బ ఖాయం.